పొగ తగ్గితే సీసం తగ్గినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట ఆదివారం మీ ప్రవాస పేజీలో డాలస్ దగ్గరి ఇండోర్ షూటింగ్ రేంజ్ (నాలుగు గోడల మధ్య తుపాకీతో గురి కాల్చే చోటు) గురించి వచ్చిన వార్త చదివాను. అక్కడ పొగకు కారణం ఇంట్లో పోసుకున్న సీసపు బుల్లెట్లేనని, అందుకే రేంజ్ వాళ్లు వాటిని నిషేధించారని దాని సారాంశం. ఆ రోజే రాద్దామనుకుని, కోపంలో మాట జారుతుందని ఆగాను. ఈలోగా అదే వార్తను మా వాట్సాప్ గ్రూపుల్లో ఐదుగురు పంపారు, "చూశారా, మీ ఇంటి బుల్లెట్ల వల్లే ఇదంతా" అంటూ. ఇక రాయక తప్పలేదు.

ముందుగా ఒక తప్పు. "పెన్సిళ్లలో వాడే సీసం" అని అచ్చువేశారు. పెన్సిల్లో సీసం ఉండదు. అందులో ఉండేది గ్రాఫైట్, ఒక రకం కార్బన్. మా చిన్నప్పుడు తెనాలి బడిలో పెన్సిల్ మొనను నాలుకకు తడిపి మరీ రాసేవాళ్లం. ఇప్పుడు మీ వార్త చదివిన తల్లి "పెన్సిల్లో ఉండేదేగా, దానితో భయమేముంది" అనుకుంటుంది. ఒకప్పుడు డెస్కు మీద ఇలాంటివి పట్టుకునేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఏముంటే అది దించేసి పంపుతున్నారు.

ఇక అసలు సంగతి. ఇంట్లో పోతపోసిన, అంటే సీసం కరిగించి అచ్చుల్లో పోసిన బుల్లెట్లు కాలి పొగ అవుతున్నాయని రాశారు. పదకొండేళ్లుగా పిస్టల్ బుల్లెట్లు నేనే పోసుకుంటున్నాను. ఇక్కడ చాలామందికి ఉన్న వ్యాపకమే ఇది, చట్టం కాదనదు. కాబట్టి పొగ ఎక్కడిదో నాకు తెలుసు. పోత బుల్లెట్ చుట్టూ గాడులుంటాయి. బుల్లెట్ తుపాకీ గొట్టంలో సాఫీగా వెళ్లాలని ఆ గాడుల్లో మైనం నింపుతారు. తేనెమైనంలో ఇంకో నూనె జిడ్డు కలిపినదే ఎక్కువమంది వాడతారు. వెనక నుంచి తోసే వేడి గాలికి ఆ మైనం మాడి తెల్లటి పొగ అవుతుంది. గాడులు పొంగిపొర్లేలా మైనం పూస్తే పొగ ఇంకా ఎక్కువ. మీరు ఫొటోలో చూపించిన పొగలో చాలా భాగం ఆ మైనానిదే.

దానికి మందు కూడా పాతదే. మైనం అవసరమైనంత మేరకే పూయాలి. లేదా మైనం మానేసి పౌడర్ కోటింగ్ వేయాలి. ఇనుప కుర్చీలకూ గేట్లకూ వేసే రంగుపొడి లాంటిదాన్నే బుల్లెట్లకు పట్టించి ఓవెన్‌లో కాలుస్తారు. వంట చేసే ఓవెన్‌లో మాత్రం కాదు, దయచేసి. దానికోసం వేరే ఓవెన్ కొని గ్యారేజీలో పెట్టుకోవాలి. నేను ఆరేళ్ల కిందట ఇలా మారాను. నేను నిలబడి కాల్చే లేన్‌లో పొగ దాదాపు కనబడదు. అయినా గేటు దగ్గర నా డబ్బా తెరిచి చూసి వెనక్కి పంపేశారు.

అయితే నా బుల్లెట్లను లోపలికి రానివ్వాలని మాత్రమే ఈ ఉత్తరం రాయడం లేదు. పొగ తగ్గినంత మాత్రాన సీసం తగ్గినట్టు కాదు. కొన్న బుల్లెట్లలోనూ చాలావాటిలో సీసం ఉంటుంది. చాలా తూటాల అడుగున ప్రైమర్ అని చిన్న బిళ్ల ఉంటుంది, లోపలి తుపాకీ మందుకు నిప్పు పెట్టేది అదే. మామూలు ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు లవణం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ అది మండి, కాల్చేవాడి ముఖానికి రెండడుగుల దూరంలో గాలిలో కలుస్తుంది. రాగి తొడుగున్న బుల్లెట్లలో కూడా చాలావాటికి అడుగుభాగం తెరిచే ఉంటుంది, అక్కడి నుంచీ సీసం లేస్తుంది. ఇది కంటికి కనబడదు, దగ్గు రాదు. పోత బుల్లెట్లు ఆపేశాం, గాలి శుభ్రమైందని బోర్డు పెడితే జనం నమ్మి ఇంకో గంట ఎక్కువ నిలబడతారు.

గాలి శుభ్రపడాలంటే ఫ్యాన్లు బాగుచేయించాలి. ఇక్కడి నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం కాల్చేవాళ్ల వెనక నుంచి టార్గెట్ల వైపు గాలి నిమిషానికి 75 అడుగుల వేగంతో, ఏ మూలా సుడి తిరగకుండా సాగాలి. వచ్చే గాలికన్నా బయటికి లాగేది కొంచెం ఎక్కువ ఉండాలి. మా రేంజ్‌లో కాల్చిన పొగ తిరిగి మన ముఖం మీదికే వస్తుంది. ఫ్యాన్ పనిచేయడం లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఫిల్టర్లు మార్చడం ఖర్చు, బోర్డు రాయించడం చవక. మీ విలేఖరి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

అధికారుల సంగతి అడగొద్దు. నగర కార్యాలయానికి ఫోన్ చేస్తే అది ఫెడరల్ విషయమన్నారు. ఫెడరల్ చట్టం చూస్తే, ఓషా అనే కార్మిక భద్రతా సంస్థ నిబంధన రేంజ్‌లో పనిచేసే ఉద్యోగులకే, డబ్బిచ్చి వచ్చే మనకు వర్తించదు. ఆ ఉద్యోగులకైనా పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సీసం. అది 1978 నాటిది. అప్పుడు నేను రెండో తరగతి. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి దాన్ని 10కి దించింది. మిగతా దేశానికి ఊపిరితిత్తులు వేరేగా ఉన్నాయా?

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు అనుభవమైంది. నాలుగేళ్ల కిందట రక్తపరీక్షలో డెసిలీటరుకు 14 మైక్రోగ్రాముల సీసం వచ్చింది. నెలల తరబడి రేంజ్‌కి వెళ్లడం మానేస్తే గానీ 6కు దిగలేదు. ఆ నెలల్లో ఇంట్లో అందరికీ ఎంత టెన్షనో చెప్పలేను. పిల్లల విషయంలో సీడీసీ అనే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 3.5కు చేరితే చాలు జాగ్రత్తపడమంటుంది, ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ లేదని కూడా చెబుతుంది. మీ వార్తలో ఉన్నది తొమ్మిదేళ్ల పిల్లాడి పుట్టినరోజు వేడుక. రేంజ్ లాబీలో బల్ల మీద సమోసాలు, పులిహోర. మనం చేత్తో తినేవాళ్లం. తూటాలు ముట్టుకున్న వేళ్లతోనే కలుపుకుని తింటాం. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాం, అది మంచిదే. కానీ అదే చొక్కాతో సోఫాలో కూర్చుని మనవణ్ని ఒళ్లోకి తీసుకుంటాం.

మనకు సీసం కొత్త కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోతే, వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. నాలుగు రోజులు అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. తర్వాత ఏ పత్రికా వెనక్కి తిరిగి చూడలేదు.

నేను కోరేది రెండే. పెన్సిల్ మాటకు సవరణ వేయండి. రేంజ్ గాలిని ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారో, ఆ ఫలితం ఎంతో మీ విలేఖరి చేత అడిగించి అచ్చువేయండి. దీపావళి సెలవులకు ఇంకో రెండు కుటుంబాలు అక్కడే పార్టీ బుక్ చేసుకున్నాయని నిన్ననే తెలిసింది. ఆలోపే వేయండి.

ఒక పాఠకుడు,
ప్లేనో, టెక్సస్