వేపమండ వేరు, పేరు చెప్పని పసరు వేరు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైన నాటి నుంచి అంటువ్యాధులకు మన పెద్దలు వాడిన ఇంటి వైద్యాలను మీ ఆరోగ్య పేజీలో ప్రచురిస్తున్నారు. నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై రెండేళ్లు బడిపంతులుగా పనిచేసిన నాకు వాటిలో చాలా భాగం చిన్ననాటి నుంచి ఎరిగినవే. అయితే వేపమండలను, గంజిని, కామెర్ల పసరును ఒకే గాటన కట్టి రాయడం నన్ను కలవరపెడుతోంది.

మా ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోస్తే నాయనమ్మ ముందుగా గుమ్మానికి వేపమండలు కట్టేది. అవి చూసిన వాళ్లెవరూ గడప దాటి లోపలికి వచ్చేవారు కాదు. మేమూ ఎవరింటికీ పోయేవాళ్లం కాదు. పొక్కులన్నీ ఎండేదాకా పిల్లవాణ్ణి విడిగా పడుకోబెట్టి, పోపు వేయని కూర, పెరుగన్నం పెట్టి, ఆ తర్వాతే వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్లతో తలకు పోసి, పోచమ్మకు బోనం తీసుకుపోయేవాళ్లు. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఆటలమ్మ ఇతరులకు అంటుతుందని వైద్యులూ చెబుతారు కాబట్టి ఆ కట్టుబాటులో వివేకం ఉంది. కానీ తట్టు విషయంలో అదే కట్టుబాటు ప్రాణాల మీదికి తెచ్చింది. రెండూ అమ్మవారే అనుకొని, సూది వేయిస్తే తల్లికి కోపం వస్తుందని భయపడి, నెమ్ము చేరి ఎగపోస్తున్న పిల్లలను సైతం ఆసుపత్రికి తీసుకుపోని ఇళ్లు నాకు తెలుసు. తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర వయసులో మరోసారి వేసే టీకా ఆపగలిగిన చావులవి. మశూచి ఈ లోకంలో లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించగలిగిందంటే, అది కూడా టీకా వల్లనే.

గత్తర, అంటే కలరా, వచ్చిన ఇంట్లో ఉప్పు వేసిన గంజి తాగించేవారని పెద్దలు చెప్పేవారు. ఒంట్లోని నీరు, లవణాలు పోవడమే ఆ రోగంలో ప్రాణం తీస్తుంది కనుక గంజి సరైన మందే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. బియ్యప్పిండితో చేసిన ద్రావణం కూడా కలరాకు పనిచేస్తుందని తరువాతి పరీక్షల్లో తేలింది. అయితే నీళ్లు తాగితే విరేచనాలు ఎక్కువవుతాయని రోగికి గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వని ఇళ్లు ఆ పల్లెల్లోనే ఉండేవి. ఆ మాట మీ వ్యాసంలో లేదు.

కామెర్ల పసరు సంగతి వేరు. ఏ ఆకో చెప్పరు, చెబితే మందు పారదంటారు. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలా మందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. మా మేనకోడలికి ఏడో నెలలో కామెర్లు వస్తే మూడు ఆదివారాలు పసరు పోయించి, ఉప్పు లేని పథ్యం పెట్టి, మణికట్టు మీద వాత కూడా వేయించారు. స్పృహ తప్పాక ఆసుపత్రికి చేర్చాం. ఆమె దక్కింది, బిడ్డ దక్కలేదు. నిండు నెలలకు దగ్గరపడిన గర్భిణులకు నీటి ద్వారా వచ్చే ‘హెపటైటిస్-ఇ’ రకం కామెర్లు ఎంత ప్రమాదమో, అందులో 20 శాతం దాకా తల్లులు చనిపోవచ్చని, ఆ రోజు డాక్టరమ్మ చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. చదువుకున్నవాణ్ణయి ఉండీ మొదటి ఆదివారమే అడ్డుపడలేకపోయాననే బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

నాటు మందును నేను కొట్టిపారేయడం లేదు. మలేరియాకు నేడు వాడుతున్న ఆర్టెమిసినిన్ చైనా సంప్రదాయ వైద్యంలోని మొక్క నుంచే వచ్చింది. ఆ మొక్క పేరు గ్రంథాల్లో దాపరికం లేకుండా ఉంది కాబట్టే చైనా శాస్త్రవేత్త తు యూయూ దాన్ని పరీక్షించగలిగారు, 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. దాచిపెట్టిన పసరును ఎవరు, ఎలా పరీక్షిస్తారు? కుక్క కాటు మీద పెట్టే సున్నం, కారం, ఆకు ముద్దల గురించైతే వాదనే అక్కర్లేదు. కరిచిన చోటును 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే టీకాకు పోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు దాదాపు లేరు.

కనుక ఇకపై ఏ ఇంటి వైద్యాన్ని ప్రచురించినా అందులో వాడే ఆకు ఏదో, ఎవరు వాడకూడదో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలో ఒక వైద్యుడి చేత రాయించి దాని పక్కనే వేయవలసిందిగా కోరుతున్నాను. అలాగే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అంచుకు సమంగా కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలన్న కొలతను ఒక్క వారం పెద్ద అక్షరాలలో వేయండి. మా వాడకట్టులో చదువు రాని ఇళ్లకు నేనే వెళ్లి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నర్సంపేట, వరంగల్ జిల్లా