మంచు పట్టిందని గ్యాస్ ఎక్కించకండి
అందరికీ నమస్కారం. హీట్ పంప్ (గదిని వేడి కూడా చేసే ఏసీ) అవుట్‌డోర్ కాయిల్‌కి మంచు కనబడగానే గ్యాస్ సిలిండర్ దించకండి. హీటింగ్‌లో పల్చగా మంచు పట్టడం మామూలే, డీఫ్రాస్ట్‌లో (యూనిట్ తనంతట తానే కాయిల్‌ని కాసేపు వేడిచేసుకునే దశ) కరిగిపోవాలి. కరగకుండా గడ్డకడుతుంటే ముందు కాయిల్ టెంపరేచర్ చూసే సెన్సర్ ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడండి, తర్వాత గ్యాస్ దారి మార్చే ఫోర్‌వే వాల్వ్ తిరుగుతోందో లేదో. నిన్న నేను తెరిచినదాంట్లో సెన్సర్ క్లిప్పు ఊడి గాల్లో వేలాడుతోంది, అంతే! నాకంటే ముందు వచ్చినాయన రెండుసార్లు గ్యాస్ ఎక్కించి వెళ్లాడట.

ఇంకోటి, మెయిన్ ఆపేశాం కదా అని యూనిట్‌లోని ఇన్వర్టర్ బోర్డు (కంప్రెసర్ వేగం మార్చే సర్క్యూట్) మీద చెయ్యి పెట్టొద్దు. కెపాసిటర్లలో వందల వోల్టుల డీసీ అలాగే నిలిచి ఉంటుంది. యూనిట్ మీద రాసినంతసేపు ఆగి, మీటర్ పెట్టి చూశాకే ముట్టుకోండి. ఆర్-410ఏ గ్యాస్ నిజంగానే తగ్గితే లీకు పట్టుకున్నాక, లిక్విడ్‌గానే, తూకం వేసి ఎక్కించండి.