దుమ్ము తీసిన ప్రాణాలు ఏ లెక్కలో ఉన్నాయి?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

అయ్యా,

2022లో ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారిన బల్లికురవ మండలంలో, 2025 ఆగస్టు 3న గ్రానైట్ క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కార్మికులు చనిపోయారు. పోలీసులు వచ్చారు, అధికారులు వచ్చారు, పత్రికలు రాశాయి. రాయి మీదపడి మనిషి పోతే కనీసం ఆ ఒక్క రోజైనా అందరి చూపూ అటు తిరుగుతుంది. అదే రాయి పొడిగా మారి, ఊపిరితో లోపలికి వెళ్లి, పదిహేనేళ్లకు మనిషిని తీసుకుపోతే ఆ చావు ఏ శాఖ పుస్తకంలోకీ ఎక్కడం లేదు. ఈ ఉత్తరం అందుకోసమే రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లాలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం నా పని తెమడ పరీక్షలే. గాజు పలక మీద తెమడను పూసి, కాల్చి, రంగువేసి మైక్రోస్కోపు కింద పెడితే నీలం రంగు మధ్యలో ఎర్రటి సన్నని పుల్లల్లా టీబీ క్రిములు కనిపిస్తాయి. సైదాపురం, పొదలకూరు వైపు నుంచి వచ్చే కొందరి పలకల్లో మాత్రం ఎంత వెతికినా ఆ పుల్లలు కనిపించేవి కావు. దగ్గు ఉండేది, ఆయాసం ఉండేది, మనిషి చిక్కి సగమయ్యేవాడు. క్రిమి మాత్రం ఉండేది కాదు.

అలాంటి ఒకాయన నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. వయసు నలభై లోపే. ల్యాబ్ గడప దగ్గర నిలబడి, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ "నాలుగడుగులేస్తే దమ్ము పట్టేస్తాంది సార్, తెల్లరాయి మిల్లుకాడ పన్జేస్తా" అన్నాడు. చెవి మడతల్లో, కనుబొమల్లో తెల్లటి పిండి లాంటి దుమ్ము ఉంది. ముక్కుకు కట్టుకునే తువాలు మెడలో వేలాడుతోంది. అప్పటికే ఆయన ఒక విడత ఆరు నెలల టీబీ మందులు మింగి ఉన్నాడు, రెండో విడతకు రాశారు. ఓపీ చీటీలో వృత్తి అన్నచోట 'కూలీ' అని ఉంది. ఆయన తన పని ఏమిటో నోటితో చెప్పినా నేను కూడా నా రిజిస్టరులో 'కూలీ' అనే రాశాను. ఆ తర్వాత ఏడాదిన్నరకు ఆయన భార్య వచ్చి, మరణ ధ్రువపత్రానికి ఎవరిని కలవాలని అడిగింది.

తెల్లరాయి అని మనం పిలిచే క్వార్ట్జ్ దాదాపు మొత్తం సిలికానే. గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు ప్రాంతాల నేలలో మైకా, క్వార్ట్జ్ కలిసే దొరుకుతాయి. కాకిబంగారమని పిల్లలు ఏరుకునే ఆ మైకా గనుల కార్మికుల సంక్షేమ నిధి కోసం 1946లోనే ప్రత్యేక చట్టం వచ్చిందంటే, ఇక్కడి గని పని కష్టం ప్రభుత్వాలకు ఎన్నడో తెలుసన్నమాట. తెల్లరాయిని పగలగొట్టి, మిల్లులో పొడి చేసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది. ప్రాణం తీసేది కంటికి కనిపించని దుమ్ము. ఐదు మైక్రాన్ల కంటే సన్నని రేణువులు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనివి, ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే మచ్చలు కట్టిస్తాయి. తువాలు వాటిని ఆపలేదు. సిలికోసిస్ అనే ఈ జబ్బును నయం చేసే మందు లేదు. పని మానేసినా మచ్చలు పెరుగుతూనే ఉండొచ్చు. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. కాబట్టి టీబీ మందు రాసిన డాక్టర్లందరిదీ పొరపాటని నేను అనడం లేదు. టీబీతోపాటు దుమ్మును కూడా అనుమానించి ఎక్స్‌రే తీయించి, ఆ సంగతి కాగితం మీద పెట్టాల్సిన బాధ్యత ఎవరూ తీసుకోకపోవడమే నా బాధ.

చట్టంలో ఈ బాధ్యత ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్, మూడో షెడ్యూలులో ఉన్న వృత్తి వ్యాధులను, అందులో సిలికోసిస్‌ను, ఫ్యాక్టరీ మేనేజరు మాత్రమే కాదు, చూసిన డాక్టరు కూడా చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాలని చెప్పింది. పంపని డాక్టరుకు వెయ్యి రూపాయల దాకా జరిమానా కూడా పెట్టింది. గనులకు 1952 చట్టంలో ఇలాంటిదే 25వ సెక్షన్ ఉండేది. ఆ రెండు చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఈ బాధ్యతను కొనసాగించింది. నా సర్వీసు మొత్తంలో అలాంటి నోటీసు ఒక్కటి రాయగా నేను చూడలేదు. 2012లో టీబీని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించి, నిక్షయ్ అనే కంప్యూటరు వ్యవస్థ పెట్టిన తర్వాత, ప్రైవేటు క్లినిక్కులో తేలిన రోగి పేరు కూడా అందులోకి ఎక్కించే పద్ధతి వచ్చింది. అదే దగ్గు క్రిమి వల్ల వస్తే మనిషి ఢిల్లీ దాకా లెక్కలోకి వస్తాడు, దుమ్ము వల్ల వస్తే సొంత మండలంలో కూడా రాడు.

ప్రమాదాల లెక్క మాత్రం సరిగ్గా ఉందా అంటే, అదీ ముక్కలు ముక్కలుగానే ఉంది. గనిలో జరిగింది గనుల భద్రతా డైరెక్టరేట్‌కు, ఫ్యాక్టరీలో జరిగింది ఫ్యాక్టరీల శాఖకు, పరిహారం కేసు కార్మిక శాఖకు, శవ పంచనామా పోలీసులకు వెళతాయి. రొయ్యల గుంటలో నీటికి గాలి అందించే ఏరియేటరు వైరు తగిలి పోయిన కాపలా మనిషి విద్యుదాఘాతం కింద, కూలి పనికి వెళుతూ ఆటో బోల్తాపడి పోయిన ఆడవాళ్లు రోడ్డు ప్రమాదం కింద నమోదవుతారు. అనుమతి లేని గుంతలో మట్టిపెళ్ల కూలితే నోటీసు ఇవ్వడానికి మేనేజరే ఉండడు. రొయ్యల ప్లాంట్లలో రోజంతా ఐసులో చేతులు పెట్టి పనిచేసే ఆడవాళ్ల వేళ్ల పుండ్లు, ప్రకాశం జిల్లాలో తడిసిన పచ్చి పొగాకు ఆకును పట్టుకున్నవాళ్లకు చర్మం గుండా ఎక్కే నికోటిన్ వల్ల వచ్చే వాంతులు, తలతిప్పు వీటిలో ఏ పుస్తకంలోకీ రావు.

ఇలాంటి లెక్కలను చూసి పని ప్రమాదాలు తగ్గాయనో పెరిగాయనో చెప్పడం సాధ్యం కాదు. కాగితం మీద అంకె తగ్గితే అది భద్రత పెరిగినందువల్ల కావచ్చు, నోటీసులు రానందువల్ల కూడా కావచ్చు. దుమ్ము జబ్బుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. సిలికోసిస్ సాధారణంగా పదేళ్లు దాటాకే బయటపడుతుంది. ఇవాళ చనిపోతున్నవాడు 2010 ప్రాంతంలో పీల్చిన దుమ్ముకు చనిపోతున్నాడు. ఇవాళ మిల్లులో చేరిన ఇరవై ఏళ్ల కుర్రవాడి సంగతి 2040 దగ్గర తెలుస్తుంది, ఆ పాటికి ఆ మిల్లు ఉండకపోవచ్చు. కుర్రవాడు ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినవాడైతే దగ్గు మొదలవగానే సొంత ఊరికి వెళ్లిపోతాడు, అతని చావు మన జిల్లాను చేరదు. ప్రపంచమంతటా పని వల్ల ఏటా 29.3 లక్షల మంది చనిపోతున్నారని, అందులో 26 లక్షల చావులు జబ్బుల వల్లేనని, ప్రమాదాల వల్ల పోయేది 3.3 లక్షల మందేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అంచనా వేసింది. మన దగ్గర మాత్రం కాస్తో కూస్తో లెక్క ఉన్నది ఆ చిన్న భాగానికే.

కొత్త కోడ్ మీద నాకు రెండు ఆందోళనలు ఉన్నాయి. కరెంటు వాడే యూనిట్లలో పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత నిర్వచనం ఇప్పుడు ఇరవై మందికి పెరిగింది. రాయి పొడి చేసే మిల్లులు, పలకలు కోసే షెడ్లు చాలావరకు చిన్నవే. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయిస్తామని కేంద్రం ప్రకటించడం మంచిదే కానీ, నేను పైన చెప్పిన మనిషికి నలభై నిండనేలేదు. దుమ్ము పనికి వయసుతో సంబంధం లేకుండా, చేరిన రోజు ఒక ఎక్స్‌రే, ఆపైన ఏటా ఊపిరి పరీక్ష ఉండాలి.

రాజస్థాన్ 2019లో సిలికోసిస్ మీద ప్రత్యేక విధానం తెచ్చి, డాక్టర్ల బోర్డు జబ్బును ధ్రువీకరించినవారికి 3 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. అలాంటి బోర్డులు పెట్టాకే అక్కడ రోగులు లెక్కలోకి వచ్చారు. మన రాష్ట్రానికి అదే పని చేయడం అసాధ్యమేమీ కాదు. ఈలోగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లను నేను కోరేది ఒక్కటే. నాలుగు శాఖల దగ్గరున్న ప్రమాదాలు, జబ్బులు, మరణాల వివరాలను ఒకచోట చేర్చి, పేర్లు లేకుండా, ఏ పనిలో ఎంతమంది అని ఏడాదికొకసారి ప్రచురించండి. మొదటి ఏడాది అంకెలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. దానికి ఏ అధికారినీ తప్పుపట్టవద్దని పత్రికలవారికి కూడా మనవి.

దానికి ముందు, జీవో కోసం గానీ నిధుల కోసం గానీ ఎదురుచూడకుండా రేపు పొద్దున్నే మొదలుపెట్టగల పని ఒకటుంది. దగ్గుతో వచ్చిన మనిషి ఓపీ చీటీ మీద 'కూలీ' అని రాయకుండా, ఏం పని, ఎక్కడ, ఎన్నేళ్లుగా అని అడిగి ఆ మూడు ముక్కలూ రాయమని ప్రతి ఆరోగ్య కేంద్రానికి చెప్పండి. నేను ఆ మూడు ముక్కలు రాయలేదు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా