ఆ కార్డు వింత వార్తా?

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో, వింతల శీర్షిక కింద ఒక చిన్న వార్త వేశారు. ఇంగ్లండ్‌లో ఒక సేవా సంస్థ పేగు జబ్బు ఉన్నవాళ్లకు కార్డు ఇస్తుందట, అది చూపిస్తే ఏ దుకాణంలోనైనా బాత్రూంకు పోనిస్తారట అని. పక్కన ఒక బొమ్మ, పంట్లాం పట్టుకొని ఉరుకుతున్న మనిషి. ఆ బొమ్మ చూసి మా చిన్నమ్మాయి పకపకా నవ్వింది. అంతలో నా మొహం చూసి టక్కున ఆపేసింది. అట్లా ఉరికే మనిషిని నేనే మరి.

నాకు 49 ఏళ్లు. చండూరు పక్క పల్లెలో గుంట మగ్గం మీద పట్టుచీరలు నేస్తాను. ఆరేళ్లుగా పేగుపూత ఉంది. డాక్టర్లు అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. పెద్దపేగు లోపలి పొర పుండు పడి రక్తం, జిగట పోతాయి. క్రోన్స్ అని దీనికి ఒక అన్న ఉన్నాడు, వాడు నోటి నుంచి కింద దాకా ఎక్కడైనా పుడతాడు. రెంటినీ కలిపి ఐబీడీ అంటారు. రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి శక్తి దారి తప్పి సొంత పేగు మీదే పడుతుందని మా డాక్టర్ చెప్పారు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. కారం తిన్నందుకు రాలేదు, వేడి చేసినందుకూ రాలేదు. ఈ ముక్క మా వాడకట్టులో ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అయినా కనిపించిన ప్రతివాళ్లూ మజ్జిగ తాగమనే అంటారు.

గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడికి లేవడమే ఒక పని. చేతిలో నాడె ఉండగానే కడుపులో మెలి వస్తుంది. వచ్చిందంటే రెండు నిమిషాలే గడువు. జబ్బు ముదిరిన రోజుల్లో పన్నెండు, పదమూడు సార్లు లేచేవాణ్ని. ఆ తొందరలో మోకాలు తగిలి పడుగు పోగులు తెగేవి. తిరిగొచ్చి ఒక్కొక్క పోగూ అతుక్కుంటూ కూర్చుంటే, మా ఇంటామె మాటా పలుకూ లేకుండా వచ్చి అవతలి వైపు నుంచి తనూ మొదలుపెట్టేది. వారానికి దిగే చీర నెలకు దిగింది.

మొదటి రెండేళ్లు అందరూ మొలలే అన్నారు. రక్తం పడితే మొలలే అని మా దగ్గర తీర్పు. ఆకుపసరు తాగాను, సూదులు పొడిపించుకున్నాను. చివరికి హైదరాబాద్‌లో గొట్టం వేసి చూస్తేగానీ తేలలేదు. మెసాలమైన్ మాత్రలు రాశారు. నమలకుండా మింగాలి, జబ్బు తగ్గిందనిపించినా ఆపొద్దన్నారు. నేను ఆపాను. నెలకు 3 వేలు మిగులుతాయి కదా అనుకున్నా. మూడో నెలకు మళ్లీ రక్తం. అప్పుడు స్టెరాయిడ్ వాడితే మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఊళ్లోవాళ్లు చూసి ‘బాగ కోలుకున్నవే’ అన్నారు.

ఇక బస్సు సంగతి. డాక్టర్‌కు చూపించుకోవడానికి మునుగోడు మీదుగా హైదరాబాద్ పోతాను. పోయే ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినను, నీళ్లు కూడా గుటక గుటకే. అయినా రెండేళ్ల కింద చౌటుప్పల్ దాటాక మెలి పెట్టింది. కండక్టర్ మంచివాడు, చూడగానే గంట కొట్టాడు. రోడ్డు పక్కన పెట్రోల్ బంక్ కనిపిస్తే దిగి ఉరికాను. బాత్రూంకు తాళం. ‘చెవి సేటు దగ్గరుంది కాకా’ అన్నాడు అక్కడి పిల్లగాడు. సేటు భోజనానికి పోయిండట. బస్సులో యాభై మంది కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను కండక్టర్‌కు పొమ్మని చేయి ఊపాను. బంక్ వెనక నల్లాతో పంచె కడుక్కొని, తడిదే కట్టుకొని, ఆరేదాకా ఎండలో నిలబడ్డాను. ఆ రోజు డాక్టర్ దగ్గరికి పోలేదు, వెనక్కి తిరిగొచ్చాను. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

మీరు వింత అని వేసిన సంస్థ గురించి మా పెద్దమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది. తను నల్లగొండలో బీఫార్మసీ చదువుతోంది. ఆ సంస్థ పేరు క్రోన్స్ అండ్ కొలైటిస్ యూకే, 1979లో పెట్టారు. ఆ దేశంలో ఈ జబ్బులున్నవాళ్లు 5 లక్షలకు పైనే అని వాళ్ల లెక్క. కార్డు వాళ్లు చేసే పనిలో ఒక చిన్న ముక్క. ఫోన్ చేస్తే జబ్బు గురించి తెలిసినవాళ్లు మాట్లాడతారు. మందుల గురించి, తిండి గురించి, పనిచేసే చోట యజమానితో ఎట్లా చెప్పుకోవాలన్నదాని గురించి మామూలు భాషలో కాగితాలు వేస్తారు. పరిశోధనకు డబ్బులిస్తారు. ఇంకోటి నాకు బాగా నచ్చింది. చూడ్డానికి నిటారుగా ఉన్న మనిషి వికలాంగుల బాత్రూంలోంచి బయటికొస్తే జనం తిట్టేవారట. అందుకని పెద్ద పెద్ద దుకాణాలవాళ్లను ఒప్పించి, ఆ తలుపుల మీద ‘ప్రతి వైకల్యం కంటికి కనిపించదు’ అని రాయించారు.

మీ వార్తలో ఒక తప్పు కూడా ఉంది. కార్డు చూపిస్తే పోనిచ్చి తీరాలని అక్కడేమీ రాసి లేదు. పదిమందిలో నోరు తెరిచి ‘నాకు రక్తం పడుతుంది’ అని చెప్పుకునే అవసరం తప్పుతుంది, అంతే. ఆ ‘అంతే’ ఎంత పెద్దదో బంక్ వెనక నిలబడ్డవాడికి తెలుస్తుంది. చట్టం ఉన్నది అమెరికాలో. ఇల్లినాయిస్ రాష్ట్రంలో క్రోన్స్ ఉన్న పద్నాలుగేళ్ల పిల్లను ఒక దుకాణంలో బాత్రూంకు పోనియ్యకపోతే, ఆ పిల్ల, తల్లి పట్టుబట్టి 2005లో చట్టం తెప్పించారు.

మన జిల్లాకు ఇది అర్థం కాని విషయం కాదు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. అట్లా ఒళ్లు వంకరపోయిన శివన్నగూడెం అంశాల స్వామిని, మంచినీళ్ల కోసం కొట్లాడే జలసాధన సమితి వాళ్లు ఢిల్లీ తీసుకుపోయి, ప్రధాని వాజ్‌పేయి టేబుల్ మీద పడుకోబెట్టి చూపించారు. ఆ ఒళ్లు చూశాక ఎవరికీ వేరే మాట అవసరం రాలేదు. మర్రిగూడ వైపు నుంచి అట్లాంటివాళ్లు బస్సెక్కితే ఈ రోజుకీ లేచి సీటిస్తారు. మాది ఏ టేబుల్ మీద పడుకోబెట్టి చూపిస్తాం? 2016 నాటి దివ్యాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, మాది అందులో లేదు. నేను పింఛను అడగడం లేదు, తాళంచెవి అడుగుతున్నా.

మీ వార్త వచ్చిన మర్నాడే మా అమ్మాయి తెలుగులో ఒక కార్డు రాసి చండూరు జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించింది. ‘నాకు పేగు జబ్బు ఉంది. అంటుకునేది కాదు. బాత్రూంకు వెంటనే పోవాలి. దయచేసి పోనివ్వండి.’ మొన్న హైదరాబాద్ పోయి వచ్చేసరికి మూడు చోట్ల చూపించాను. ఒకచోట మారుమాట లేకుండా పోనిచ్చారు. ఒకచోట చదువురాని పిల్లగాడు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి ఓనర్‌ను పిలుచుకొచ్చేసరికి ఇక అవసరం లేకపోయింది. మూడోచోట, చౌటుప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్ ఆయన, కార్డు చదివి లోపలికి చేయి చూపించాడు. నేను బయటికొచ్చాక పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు: ‘అన్నా, మా బామ్మర్దికి ఏడాది సంది రక్తం పడుతుంది, మొలలని మందు తింటున్నడు. నీకు చూసే డాక్టర్ ఎవరు?’ గల్లా దగ్గరున్న బిల్లు కాగితం వెనక పేరు రాసిచ్చాను.

మే 19 ప్రపంచ ఐబీడీ దినం. ఆ రోజు వింతల పేజీలో కాకుండా జిల్లా పేజీలో, పేగుపూతకూ మొలలకూ తేడా ఏమిటో ఒక డాక్టర్‌తో రాయించండి. మన దగ్గర సేవా సంస్థలు నడిపేవాళ్లు ఈ ఉత్తరం చదివితే, తెలుగులో, ఉర్దూలో ఒక కార్డు అచ్చు వేయించండి. చదువురానివాళ్ల కోసం దాని మీద బొమ్మ కూడా ఉండాలి. మీరు వేసిన ఆ ఉరికే మనిషి బొమ్మయినా సరే.

నా పేరు మాత్రం వేయకండి. మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.

ఇట్లు,
ఒక చేనేత కార్మికుడు,
చండూరు మండలం, నల్లగొండ జిల్లా