దార్ ఎస్ సలాం నుంచి అక్కకి: ప్రెసిడెంటు కనబడని రోజులు

దార్ ఎస్ సలాం,
2021 ఏప్రిల్ 11

అక్కా,

అందరూ ఎలా ఉన్నారు? ఇక్కడ మేం నలుగురం బాగానే ఉన్నాం, పిల్లలు స్కూలుకి వెళ్తున్నారు.

పోయిన నెల బావగారు ఫోన్ చేసిన ప్రతిసారీ "మీ ప్రెసిడెంటు మన ఇండియాలో ఏదో ఆస్పత్రిలో ఉన్నాడట, నిజమేనా?" అని అడిగారు కదా. నేను ప్రతిసారీ మాట మార్చేశాను. ఆయన ఏమనుకున్నారో ఏమో. చెప్పడం ఇష్టం లేక కాదక్కా, ఆ రోజుల్లో ఆ మాట ఫోన్లో అనాలన్నా, వాట్సాప్‌లో రాయాలన్నా భయమేసేది. ఇప్పుడు ఆ భయం కొంచెం తగ్గింది, ఇవాళ ఆదివారం, తీరిగ్గా కూర్చుని మొత్తం రాస్తున్నాను. బావగారికి కూడా చదివి వినిపించు.

ఇక్కడి ప్రెసిడెంటు, అంటే టాంజానియా ప్రెసిడెంటు మగుఫులి, ఆఖరిసారి జనానికి కనబడింది ఫిబ్రవరి 27న, అధ్యక్ష భవనంలో కొత్త చీఫ్ సెక్రటరీ చేత ప్రమాణం చేయించిన రోజు. అంతకుముందు ఆయన టీవీలో కనబడని వారం ఉండేది కాదు. రోడ్ల మంత్రిగా ఉన్నప్పుడే జనం ఆయన్ని బుల్డోజర్ అని పిలిచేవారు, ప్రెసిడెంటయ్యాక కూడా అదే ఊపు, ఎక్కడికో వెళ్ళడం, ఏదో ఒకటి ప్రారంభించడం, అందరి ముందే అధికారిని నిలదీసి ఉద్యోగం పీకేయడం. ఆదివారం చర్చికి వెళ్తే అక్కడా మైకు పట్టుకుని దేశానికి చెప్పాల్సింది చెప్పేవాడు. అలాంటి మనిషి ఒక ఆదివారం కనబడలేదు, తర్వాతి ఆదివారమూ కనబడలేదు. ప్రభుత్వం ఒక్క మాట చెప్పలేదు.

దీని వెనక సంగతి తెలియకపోతే మేమంతా ఎందుకంత టెన్షన్ పడ్డామో నీకు అర్థం కాదు. ఈ దేశంలో కరోనా లెక్క పోయిన ఏడాది ఏప్రిల్ నెలాఖరుకి 509 కేసులు, 21 మరణాల దగ్గర ఆగిపోయింది. తగ్గి ఆగిపోలేదు, లెక్క చెప్పడమే మానేశారు. మే నెలలో మగుఫులి, బొప్పాయి నుంచీ మేక నుంచీ తీసిన శాంపిళ్ళకి మనుషుల పేర్లు పెట్టి ల్యాబుకి పంపితే పాజిటివ్ వచ్చాయని, ఆ పరీక్షల్నే నమ్మడానికి లేదని చెప్పాడు. మూడు రోజులు దేశమంతా ప్రార్థనలు చేయించి, జూన్‌లో దేవుడి దయవల్ల కరోనా పోయిందన్నాడు. ఈ జనవరిలో సొంత ఊరు చాటోలో మాట్లాడుతూ టీకాలు మంచివి కావు, ఆవిరి పట్టండి అన్నాడు. అమ్మ మనకి జలుబు చేస్తే పసుపు వేసి ఆవిరి పట్టించేది కదా, ఇక్కడివాళ్ళదీ అలాంటి అలవాటే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆవిరి పట్టమని చెప్పి పరీక్షా వద్దు, లెక్కా వద్దు, టీకా కూడా వద్దంటే జబ్బుపడినవాళ్ళు ఏమైపోవాలి?

జనవరి, ఫిబ్రవరుల్లో ఎటు చూసినా చావు కబుర్లే. మా ఆఫీసులో స్టోర్స్ చూసుకునే పెద్దాయన, నేను వచ్చిన కొత్తలో బజారంతా తిప్పి బేరాలు నేర్పినాయన, ఫిబ్రవరిలో ఊపిరాడక పోయారు. ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో న్యుమోనియా అని ఉంది. పరీక్ష చేశారా అని వాళ్ళబ్బాయి అడిగితే జవాబు లేదు. కేథలిక్ బిషప్పుల సంఘంవాళ్ళు మార్చి మొదట్లో బయటపడి చెప్పారు, రెండు నెలల్లో 25 మందికి పైగా ఫాదర్లు, 60 మంది సిస్టర్లు ఊపిరి సంబంధమైన జబ్బులతో పోయారని. ఫిబ్రవరి 17న ఈ దేశంలోనే భాగమైన జంజిబార్ దీవుల మొదటి ఉపాధ్యక్షుడు సెయిఫ్ షరీఫ్ హమద్ పోయారు, ఆయనకి కరోనా అని వాళ్ళ పార్టీయే అంతకుముందు చెప్పింది. అదే రోజు అప్పటి చీఫ్ సెక్రటరీ కూడా పోయారు. ఆర్థికమంత్రి ఫిలిప్ ఎంపాంగో రాజధాని డోడోమాలో ఆస్పత్రి బయట మాస్కు లేకుండా కూర్చుని, ఆగకుండా దగ్గుతూ, నేను బాగానే ఉన్నానని విలేకరులకి చెప్పిన వీడియో చూసి మా ఆవిడ భయపడిపోయింది.

సరిగ్గా ఆ సమయంలో ప్రెసిడెంటు కనబడకుండా పోయాడు.

ముందుగా గట్టిగా అడిగింది టుండు లిస్సు. ప్రతిపక్ష నాయకుడు, 2017లో డోడోమాలో ఆయన మీద కాల్పులు జరిగితే 16 తూటాలు తగిలి కూడా బతికాడు, ఇప్పుడు బెల్జియంలో ఉంటున్నాడు. ప్రెసిడెంటు ఎక్కడ, ఆరోగ్యం ఎలా ఉంది చెప్పండి అని అక్కడినుంచి ట్విట్టర్లో అడిగాడు. నైరోబీ తీసుకెళ్ళారన్నాడు, తర్వాత అక్కడినుంచి ఇండియా పంపారన్నాడు. కెన్యా పేపరొకటి పేరు రాయకుండా, ఒక ఆఫ్రికా నాయకుడు నైరోబీ ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడని రాసింది. బావగారి గ్రూపుకి చేరింది ఈ ఇండియా కబురే. ఇక్కడ కాస్త డబ్బున్నవాళ్ళు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాదో, చెన్నైయో, ఢిల్లీయో వెళ్తుంటారు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నన్ను కూడా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు మెల్లగా అడిగారు, మీ దేశం కదా, మీకేమైనా తెలిసిందా అని.

మార్చి 12న, శుక్రవారం, ప్రధాని కాసిం మజలివా ఎన్జోంబేలో మసీదులో మాట్లాడుతూ ప్రెసిడెంటు క్షేమం, ఫైళ్ళు చూసుకుంటూ పనిలో ఉన్నారు, మీకందరికీ నమస్కారాలు చెప్పమన్నారు అన్నాడు. ఇంకో పక్క మంత్రులు పుకార్లు రాస్తే జైలేనని హెచ్చరించారు, సోషల్ మీడియాలో రాసినందుకు కొందరిని పోలీసులు పట్టుకున్నారు కూడా. మన తెలుగువాళ్ళ గ్రూపులో అడ్మిన్ ఆ విషయం మీద ఎవరూ ఏమీ పెట్టొద్దని మెసేజ్ పెట్టాడు, నేను పాత మెసేజ్‌లు కూడా తుడిచేశాను. వీసా మీద బతికేవాళ్ళం, ఏం చేస్తాం.

15న ఉపాధ్యక్షురాలు సామియా సులుహు హసన్ టాంగా వైపు ఒక సభలో, మనిషన్నాక జలుబో జ్వరమో రావడం మామూలే, అందరం ఒక్కటిగా ఉందాం అంది. ఆ మాట విన్నాక అర్థమైంది, ఏదో అయిందని. 17న రాత్రి పొద్దుపోయాక ఆవిడే టీవీలో చెప్పింది, మగుఫులి ఇక లేరు అని. గుండె జబ్బు, పదేళ్ళకి పైగా ఉన్నదేనట. మార్చి 6న ఇక్కడి గుండె ఆస్పత్రిలో చేర్చారు, 7న పంపేశారు, మళ్ళీ 14న ఎంజేనా ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రభుత్వం చెప్పిన ఈ తేదీల ప్రకారమే చూసినా, ఫైళ్ళు చూసుకుంటున్నారని ప్రధాని చెప్పేనాటికి ఆయన ఒకసారి ఆస్పత్రికి వెళ్ళివచ్చాడు. లిస్సు మాత్రం అది కరోనాయేనని ఇప్పటికీ అంటున్నాడు.

పుకార్లు నమ్మినందుకు జనాన్ని తిట్టారు గానీ, నాకు మాత్రం జనం తప్పు కనబడదక్కా. 2009 సెప్టెంబరులో వైఎస్ హెలికాప్టర్ కనబడకుండా పోయినప్పుడు మనం రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాం కదా, అప్పుడు కనీసం వెతుకుతున్నాం, ఇంకా దొరకలేదు అని చెప్పారు. ఇక్కడ అదీ లేదు. ఇంకోటి, ఇది ఊరికే కుతూహలం కాదు. తమ ఇంట్లో పోయినవాళ్ళు దేనితో పోయారో తెలియని జనం వీళ్ళు. ఆయనకి వచ్చింది అదే జబ్బైతే, ఆయనకి వచ్చిందని ఒప్పుకుంటే, ఇక మాస్కులూ పరీక్షలూ టీకాలూ వస్తాయేమోనని ఒక ఆశ. ఆయనకి ఏమైందో తెలిస్తే మాకు ఏం కాబోతోందో తెలుస్తుందని అందరం ఆ ఒక్క మనిషి కబురు కోసం చూశాం. ఒక పాలకుడి ఒంట్లో బాగోకపోవడం సొంత విషయమే, నేను కాదనను, కానీ జబ్బే లేదని దేశం మొత్తానికి చెప్పినాయన విషయంలో అది సొంతం ఎలా అవుతుంది?

అలాగని ఇక్కడివాళ్ళకి ఆయనంటే ప్రేమ లేదనుకోకు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి రెండు రోజులు ఏడుస్తూనే ఉంది. తమ్ముడు ఫీజు కట్టకుండా హైస్కూలు చదువుతున్నది ఆయన వల్లేనంటుంది, ఆ మాట నిజమే. లంచాలంటే ఆఫీసర్లు వణికిందీ నిజమే. ప్రతిపక్షం సభలు పెట్టుకోనివ్వకపోవడం, పేపర్లు మూయించడం కూడా అంతే నిజం. మార్చి 21న ఉహురు స్టేడియంలో ఆయన్ని కడసారి చూడడానికి వచ్చి తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. అంతమందిని అలా ఒకచోట చేర్చారే, ఇలాంటి సమయంలో, అని నాకింకా బాధగానే ఉంది.

ఇప్పుడు సామియానే ప్రెసిడెంటు, పోయిన నెల 19న ప్రమాణం చేసింది, ఈ దేశానికి మొదటి మహిళా ప్రెసిడెంటు. ఆ దగ్గిన మంత్రి ఎంపాంగో కోలుకుని ఉపాధ్యక్షుడయ్యాడు. మొన్న 6న ఆవిడ కరోనా మీద నిపుణుల కమిటీ వేస్తానంది, దాన్ని పట్టించుకోకుండా ఉండలేమంది. ఆఫీసులో ఆ వార్త విని ఒకాయన బ్యాగులోంచి మాస్కు తీసి పెట్టుకున్నాడు. టీకా ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర కేసులు మళ్ళీ పెరుగుతున్నాయని చదువుతున్నాను. అక్కడ రోజూ లెక్క చెప్తున్నారు, 45 దాటితే టీకా వేస్తున్నారు, ఆ అదృష్టాన్ని వదులుకోవద్దు. బావగారు జ్వరం వస్తుందని వాయిదా వేస్తున్నారట, నా మాటగా చెప్పి ఈ వారమే వేయించు. ఎల్లుండి ఉగాదికి పెదనాన్న వాళ్ళింట్లో అందరూ కలుస్తారని అమ్మ చెప్పింది, ఈ ఒక్క ఏడాదికి మానేయండి, అమ్మని మాత్రం అస్సలు పంపొద్దు. ఆవిడ రెండో డోసు తేదీ ఎప్పుడో నాకు రాయి. ఈ ఉత్తరం మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టకండి, ఇక్కడ చట్టాలు ఇంకా అవే.

నీ తమ్ముడు