స్పేసర్ వేసే ముందు బోల్టు చూడండి
కారు చక్రానికీ హబ్‌కీ మధ్య వేసే స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే లోహపు బిళ్లలు) తెచ్చుకుని పాత బోల్టులతోనే బిగించేద్దాం అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. లెక్క తేలికే, స్పేసర్ 15 మిల్లీమీటర్లు ఉంటే బోల్టు కూడా అంతే పెరగాలి, అంటే పాతది 27 అయితే కొత్తది 42. తలా, సీటూ (బోల్టు చక్రానికి ఆనే భాగం) వదిలేసి కింది కాడ మాత్రమే కొలవాలి. పొట్టిదైతే నాలుగు చుట్లకే బిగిసిపోతుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది, అసలు భయం అక్కడే. అందుకే ముందు చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, 1.5 పిచ్‌లో (మరల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు) ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల మందం బోల్టు అయితే కనీసం 7 చుట్లు, ఎం14 అయితే 8 పడాలి.

అలాగని మరీ పొడవైనా తంటానే. నేనోసారి ఉంటే ఉండనీలే అని 5 మిల్లీమీటర్లు ఎక్కువున్నవి వేశాను, జాకీ మీదే చక్రం తిప్పి చూస్తే లోపల్నుంచి గరగరమని చప్పుడు, బోల్టు కొస వెళ్లి హ్యాండ్‌బ్రేక్ షూకి రాసుకుంటోంది!

ఇంకోటి, సీటు ఆకారం. అలాయ్ చక్రానికి కోన్ సీటుంటే కోన్ బోల్టే, గుండ్రంగా ఉంటే గుండ్రందే. మార్చి వేస్తే అంచు మీదే ఆనుకుని మెల్లగా వదులవుతుంది. బిగింపు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే పానా), ఓ 50-100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి.