ఆ రాత్రి ఫ్లైట్ ఎక్కనన్నావట

బుజ్జీ,

ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా "రెండు నిమిషాల్లో చేస్తాను నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని ఇదంతా టైపు చేస్తున్నాను, తీరిగ్గా చదువుకో. డ్యూటీకి వెళ్లేముందు మాత్రం చదవకు. పడుకునేముందు కూడా వద్దు. సెలవు రోజు పొద్దున టిఫిన్ తిన్నాక చదువు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు కాస్త నెమ్మదించింది. నూనె రాస్తే తగ్గిందని తను అంటుంది, మాత్రలకే తగ్గిందని నేనంటాను. రత్తమ్మత్త వాళ్ల కొత్తింట్లో పాలు పొంగించారు, వచ్చినవాళ్లందరూ నిన్నే అడిగారు. పెరట్లో బోరు మోటారు మళ్లీ కాలిపోతే కాశీ తీసుకెళ్లి వైండింగ్ చేయించాడు. ఈ ఏడు మామిడి పూత బాగుంది, మంచు పట్టకపోతే చాలు. మొన్న శేషు కూడా వచ్చాడు. ఎయిర్‌పోర్టులో పనికి చేరాక వాడు కాస్త ఒళ్లు చేశాడు. మాటల్లో నీ గురించి ఏదో అన్నాడు, సరేలే, అది తర్వాత చెబుతాను.

2025 డిసెంబరులో పైలట్లు చాలక ఇండిగో ఫ్లైట్లు ఆగిపోయిన ఆ గొడవ జరిగినప్పటి నుంచి మీ అమ్మ టీవీలో విమానం బొమ్మ కనిపిస్తే చాలు, వంట వదిలేసి వస్తోంది. శంషాబాద్‌లో అయ్యప్ప స్వాములు ఫ్లైట్ రద్దయి ఆందోళన చేస్తుంటే చూసి, "అందులో మనమ్మాయి లేదు కదా" అని నన్నడిగింది. నువ్వు పైలట్‌గా చేసే కంపెనీ వేరని ఎన్నిసార్లు చెప్పినా వినదు. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే కదా, ఆయన పార్లమెంటులో మాట్లాడుతుంటే ఇద్దరం చివరిదాకా విన్నాం. పేపర్లో వచ్చిందంతా నేను కత్తిరించి దాచాను. పైలట్ల విశ్రాంతి గురించి కొత్త నిబంధనలు 2024 జనవరిలోనే ఇచ్చారు. వారానికి 36 గంటల విశ్రాంతి 48 గంటలు కావాలి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాలి. రెండో విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంటే సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్లు. అయినా కొత్త రూల్స్‌కి 2,422 మంది కెప్టెన్లు కావాల్సి ఉండగా ఇండిగో దగ్గర 2,357 మందే ఉన్నారట. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు ఆగిపోయాయి. చివరికి విమాన కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ వాళ్లకు 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చి, ఆ జనవరిలో 22.20 కోట్ల జరిమానా వేసింది.

ముప్పై ఏళ్లు బండ్లతో బతికినవాణ్ణి, నాకు ఇందులో అర్థమైంది ఒకటే. ఎన్ని బండ్లుంటే అంతమంది డ్రైవర్లను పెట్టుకుంటే సరిపోదు. ఒకడికి జ్వరం వస్తుంది, ఒకడి ఇంట్లో పెళ్లి, ఒకడు రాత్రంతా తోలి వచ్చి పడుకోవాలి. ఆ పైన ఉండే మనుషులకు ఊరికే జీతం ఇస్తున్నామని ఓనర్లకు బాధ. నీకు బాగా తెలిసిన సంగతే, అయినా చెబుతున్నాను.

సరే, శేషు అన్నది చెప్పేస్తాను. నువ్వు ఒక రాత్రి అలసిపోయాను, నడపలేను అని చెప్పి ఫ్లైట్ ఎక్కలేదట. ఆఫీసుకు పిలిచి చాలాసేపు కూర్చోబెట్టారట. అప్పటి నుంచి డ్యూటీల పట్టిక, ఆ రోస్టర్‌లో నీకు అన్నీ తెల్లవారుజాము ఫ్లైట్లే పడుతున్నాయట. వాడికి ఎవరో చెప్పారు, ఆ ఎవరికో ఇంకెవరో చెప్పి ఉంటారు. నిజమా కాదా అని నేనడగను. నువ్వు చెప్పాలనుకున్నప్పుడు చెప్పు.

అన్నం వండుకుంటున్నావా? ఆ డబ్బాల్లో వచ్చే నూడుల్స్ మీద ఆధారపడకు. కుక్కర్ గాస్కెట్ మార్చావా, మొన్న వచ్చినప్పుడే అది సాగిపోయి ఉంది.

నీకు ఉద్యోగం రావడానికి పడ్డ బాధ మాకు తెలుసు. ఫుర్సత్‌గంజ్ పైలట్ శిక్షణ అకాడమీలో నిన్ను దింపి వచ్చేటప్పుడు మీ అమ్మ లక్నో స్టేషన్ దాకా ఏడుస్తూనే ఉంది. పైలట్ లైసెన్సు, ఆ సీపీఎల్ చేతికొచ్చాక కూడా ఇంట్లో కూర్చున్నావు, ఒక రకం విమానం నడపడానికి విడిగా చేయాల్సిన టైప్ రేటింగ్‌కి మళ్లీ అప్పు చేశాం. 2023లో ఒక్క ఏడాదే డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. బయట అందరూ పైలట్ల కొరత అంటారు, కొరత కెప్టెన్లకే. అదే ఇండిగో లెక్కలో ఫస్ట్ ఆఫీసర్లు, అంటే నీలాంటి కో పైలట్లు 2,153 మంది చాలు, 2,194 మంది ఉన్నారు. ఫస్ట్ ఆఫీసరు కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సుకే 1,500 గంటలు ఎగరాలి, ఆపైన కంపెనీ పరీక్షలు. పైసా పడేస్తే రేపు పొద్దున్నే దొరికేవాళ్లు కాదు కెప్టెన్లు. అందుకే నీలాంటివాళ్లకు భయం, నేను కాదంటే నా సీట్లోకి ఇంకొకరు వస్తారని. ఆ భయం పెట్టుకుని నువ్వు ఏ రాత్రీ కాక్‌పిట్‌లో కూర్చోకూడదు.

మంగళూరు సంగతి నేను మర్చిపోలేను. 2010 మే 22, దుబాయ్ నుంచి పొద్దున్నే వచ్చిన విమానం, 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. దారిలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయాడని, ఆ మత్తు పూర్తిగా వదలకుండానే దించడానికి చూశాడని విచారణలో తేల్చారు. పక్కన కూర్చున్న ఫస్ట్ ఆఫీసరు గో అరౌండ్, అంటే దించకుండా మళ్లీ పైకి లేపమని మూడుసార్లు చెప్పాడు. నువ్వు కూర్చునేదీ ఆ సీట్లోనే. గట్టిగా చెప్పు తల్లీ, అవతలి మనిషి ఎంత సీనియర్ అయినా సరే. చెప్పాలంటే ముందు నీ కళ్లు తెరిచి ఉండాలి కదా.

విజయవాడ పక్కన నున్న మార్కెట్ మామిడి లోడు సంగతి నీకు అమ్మ చెప్పే ఉంటుంది, అయినా మళ్లీ చెబుతాను. నువ్వు కడుపులో ఉన్న ఏడు. అప్పటికి నాకు సొంత బండి లేదు, ఓనరు దగ్గర జీతానికి తోలేవాణ్ణి. నున్న మార్కెట్ నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి బంగినపల్లి లోడంటే ఎప్పుడూ ఇద్దరు డ్రైవర్లు వెళ్లేవాళ్లం, ఒకడు తోలుతుంటే ఒకడు క్యాబిన్‌లో పడుకుంటాడు, బండి ఆగదు. ఆ ఏడు కాపు విరగకాసింది, ఊళ్లో ఉన్న బండ్లన్నీ రోడ్డెక్కాయి, డ్రైవర్లు దొరకలేదు. ఓనరు ఏం చేశాడంటే, మా ఇద్దర్నీ విడదీసి రెండు బండ్లకు ఒక్కొక్కణ్ణి ఎక్కించాడు, పక్కన క్లీనర్. రెండో డ్రైవరు బత్తాలో సగం నీకే అన్నాడు. నాకూ డబ్బు అవసరమే, బయల్దేరాను. మొదటి రాత్రి హైదరాబాదు చేరాను. పగలంతా కమాన్ కట్ట విరిగితే దాన్ని బాగు చేయించడంతోనే సరిపోయింది, కన్ను మూయలేదు. రెండో రాత్రి నిర్మల్ దాటి ఘాటు ఎక్కి దిగేసరికి ఎదురొచ్చే బండికి రెండు లైట్లకు బదులు నాలుగు కనిపిస్తున్నాయి. క్లీనర్ మస్తాను పాటలు పాడుతున్నాడు, మొహాన నీళ్లు కొడుతున్నాడు, పచ్చిమిరపకాయ కొరకమంటున్నాడు. గుడిహత్నూరు దగ్గర దాబా కనిపిస్తే బండి పక్కకు తీసి ఆపేశాను. ఎస్టీడీ బూత్ నుంచి ఓనరుకి ఫోన్ చేసి, తెల్లారేదాకా బండి కదలదండీ అన్నాను. కాయ మగ్గిపోతుంది, మండీలో రేటు పడిపోతుంది, నీకు పెళ్లాం బిడ్డల మీద ప్రేమ లేదా, ఎలా పోషిస్తావు వాళ్లని అని నానా మాటలన్నాడు. ప్రేమ ఉంది కాబట్టే పడుకుంటున్నానని పెట్టేశాను. బండి పక్కన టార్పాలిన్ పరుచుకుని పడుకుంటే ఎండ మొహం మీద పడ్డాకే మెలకువ వచ్చింది. ఆజాద్‌పూర్ చేరేసరికి ఆ పూట వేలం అయిపోయింది, మర్నాడు రేటు తగ్గింది. ఓనరు బత్తా కోశాడు, ఆ సీజన్లో మళ్లీ లోడు ఇవ్వలేదు. మీ అమ్మమ్మ గారింటి నుంచి బియ్యం వచ్చాయి, నేను ఆటోనగర్‌లో బాడీలకు పాత పెయింట్ గీకే పనికి వెళ్లాను. రెండో బండి తోలినవాడు నాకంటే ముందే చేరాడు, పూర్తి బత్తా తీసుకున్నాడు, ఇప్పటికీ క్షేమంగానే ఉన్నాడు. అయినా నేను ఆపడం పొరపాటని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

కాబట్టి శేషు చెప్పింది నిజమే అయితే, నువ్వు చేసింది మంచి పనే. అలసట రిపోర్టు ఇచ్చినవాళ్లను శిక్షించకూడదని, పేరు బయటపెట్టకూడదని డీజీసీఏ కొత్త రూల్స్‌లోనే ఉంది కదా, నేను చదివాను. అబద్ధమైతే, రేపు అలాంటి రాత్రి వస్తే అలాగే చెయ్యి. నువ్వు గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌కి అప్లై చేశావేమోనని కూడా మీ అమ్మకు అనుమానం. వెళ్లాలనుకుంటే వెళ్లు, కానీ ఫస్ట్ ఆఫీసరుకు ఆరు నెలల నోటీసు ఉంటుంది, కోపంలో రాజీనామా రాసి ఆ ఆరు నెలలూ అదే రోస్టర్‌లో నలగకు.

పగలు పడుకునేటప్పుడు కిటికీకి మందం దుప్పటి కట్టు, ఆ పల్చటి కర్టెన్ పనికిరాదు. ఫోన్ పక్క గదిలో పెట్టు, మేం చేసినా సరే ఎత్తకు. నిద్ర రావడానికి మాత్రలు ఏవీ వేసుకోకు, మీ మెడికల్ డాక్టరును అడగకుండా జలుబు మాత్ర కూడా వద్దు. ఉగాదికి రాలేకపోతే ఫరవాలేదు, రావాలని రాత్రి డ్యూటీ దిగి అలాగే బస్సెక్కకు.

అప్పు గురించి ఆలోచిస్తున్నావని నాకు తెలుసు. గన్నవరం షాపు అద్దె, రెండో బండి కిరాయి కలిపి లెక్క చూశాను. నీ జీతం లేకపోయినా ఏడాదిపాటు కిస్తీ కట్టగలం. బ్యాంకుకు వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చాను, మీ అమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు. పొలం కాగితాలు అక్కడ భద్రంగా ఉన్నాయి, వాటి సంగతి నాది.

గోంగూర పచ్చడి, సున్నుండలు కాశీ రేపు బస్సు పార్సిల్లో వేస్తాడు, సున్నుండలు డ్యూటీ బ్యాగులో రెండు పెట్టుకో. ఆఫీసులో ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం వెంటనే పెట్టొద్దు, చదివి చెబుతానని తెచ్చుకో. ఫోటో తీసి నాకు పంపితే లాయరు గారికి చూపిస్తాను.

మీ నాన్న